బిడ్డ జబ్బు, ఇంటి గొంతు

(తిరుపతిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న అమ్మలకు, నాన్నలకు, అవ్వాతాతలకు నమస్కారం.

ఈ ఎండలో చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి బస్సులు మారి వచ్చినవాళ్ళు మీలో ఉన్నారు. ఇంట్లో బిడ్డను పెద్దవాళ్ళకో పక్కింటివాళ్ళకో అప్పగించి, ఎక్కడికని అడిగితే గుడికని చెప్పి వచ్చినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. మొదటి రెండేళ్ళు నేనూ అలాగే చెప్పి ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. అందుకని ముందుగానే చెబుతున్నాను: ఇక్కడ ఎవరూ మీ పేరు రాసుకోరు, మీ బిడ్డ పేరు అడగరు.

నేను వైద్యురాలిని కాను. ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఏడాదికొకసారి నల్లబల్ల మీద మెదడు బొమ్మ గీసి, ఏ భాగం ఏ పని చేస్తుందో పిల్లల చేత వల్లె వేయించినదాన్ని, నా సొంత ఇంట్లో ఆ మెదడుకే జబ్బు చేస్తే దాదాపు ఏడాదిన్నర పాటు దాన్ని పొగరు అనుకున్నాను. ఈ రోజు చెప్పబోయేది ఆ ఏడాదిన్నరలో పోగొట్టుకున్నదాని గురించి, ఆ తరువాత వైద్యుల దగ్గర, పుస్తకాల్లో, మీలాంటి తల్లిదండ్రుల దగ్గర నేర్చుకున్నదాని గురించి.

మా అబ్బాయి అనుమతితోనే మాట్లాడుతున్నాను. వాడు రెండు షరతులు పెట్టాడు. పేరు చెప్పకూడదు, ఇప్పుడు ఏం చేస్తున్నాడో చెప్పకూడదు. రెండోది ఎందుకని అడిగాను. "బాగున్నానని చెబితే అందరూ ఆ ఒక్క మాటే పట్టుకుంటారమ్మా, మధ్యలో జరిగింది వినరు" అన్నాడు. కాబట్టి మధ్యలో జరిగిందే చెబుతాను.

వాడికి పద్నాలుగేళ్ళప్పుడు మొదలైంది. మానసిక వ్యాధుల్లో మూడో వంతు పద్నాలుగేళ్ళ లోపే, సగం పద్దెనిమిదేళ్ళ లోపే మొదలవుతాయని, వాటిలో ఎక్కువ భాగం ఎవరి కంటా పడకుండా, వైద్యం అందకుండా ఉండిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట నేను చాలా ఆలస్యంగా చదివాను. మన దేశంలో 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు లెక్క తేల్చింది. నలభై మంది కూర్చున్న తరగతి గదిలో అది సుమారు ముగ్గురు పిల్లలు. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను బెంచీ ఎక్కించిన పిల్లల్లో, 'మీ నాన్నను పిలుచుకురా' అని బయటికి పంపిన పిల్లల్లో ఎందరు ఆ ముగ్గురిలోని వాళ్ళో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

పెద్దవాళ్ళకు డిప్రెషన్ వస్తే దిగులుగా కూర్చుంటారని మనకు తెలుసు. అదే జబ్బు పద్నాలుగేళ్ళవాడికి వస్తే చాలాసార్లు కోపంలా కనిపిస్తుంది. ప్రతి మాటకూ విసుగు, అన్నం ముందు కూర్చుని కంచం తోసెయ్యడం, ఆడుకునే స్నేహితులను వదిలేయడం, రాత్రంతా మేలుకుని పగలు పడుకోవడం, ఎప్పుడూ తొంభై తెచ్చుకునే లెక్కల్లో ముప్పై అయిదు రావడం. వీటిలో ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా వయసు ప్రభావమే అనిపిస్తుంది, ఇంటికి వచ్చిన పెద్దలంతా మాతో అన్నదీ అదే. నిజానికి వయసు ప్రభావం కూడా అబద్ధమేమీ కాదు. ఆవేశాన్ని ఆపుకుని ముందువెనకలు ఆలోచించే పని చేసే మెదడు ముందు భాగం ఇరవై దాటి మరికొన్నేళ్ళ వరకు పక్వానికి రాదు, నిద్ర ముంచుకొచ్చే సమయం కూడా ఆ వయసులో ఆలస్యంగా జరుగుతుంది. అయితే ఆ పిల్లవాడు తన మునుపటి స్వభావం నుంచే మారిపోయాడా, ఆ మార్పు రెండు వారాలు దాటినా తగ్గడం లేదా, ఇంట్లోనే కాకుండా బడిలోనూ స్నేహితుల దగ్గరా కూడా కనిపిస్తోందా అని చూస్తే మామూలు మొండితనం ఏదో జబ్బు ఏదో కొంతవరకు విడిపోతుంది. మిగిలింది తేల్చవలసింది మానసిక వైద్యులు. చిన్నప్పటి నుంచీ ఒకచోట కుదురుగా ఉండలేని పిల్లల విషయం వేరు, చదవడం రాయడంలో ఎవరూ గుర్తించని ఇబ్బంది ఉన్న పిల్లల విషయం వేరు, ఎవరి చేతిలోనో వేధింపుకు గురై ఎవరికీ చెప్పుకోలేని పిల్లల విషయం వేరు, గంజాయి అలవాటైన పిల్లల విషయం వేరు. బయటికి మాత్రం అందరూ 'మాట వినని పిల్లలు'గానే కనిపిస్తారు.

ఇప్పుడు ఒక రాత్రి సంగతి చెప్పాలి. వాడు పదో తరగతిలో ఉన్నాడు. పదకొండు గంటలు దాటింది. మా వారు వాడి చేతిలోంచి ఫోను లాక్కున్నారు. వాడు అరిచాడు, ఈయన ఇంకా గట్టిగా అరిచారు. వాడు గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు, ఈయన తలుపు బాదారు, లోపలి నుంచి వాడు తలుపును కాలితో తన్నీ తన్నీ కింది పలక పగలగొట్టాడు, ఆ తరువాత కిటికీ అద్దం మీద గుద్దాడు. చుట్టుపక్కల నాలుగిళ్ళలో లైట్లు వెలిగాయి. ఆ క్షణంలో నేను చేసిన మొదటి పని వీధి వైపు ఉన్న కిటికీ రెక్కలు మూయడం. వాడి చెయ్యి తెగి నెత్తురు కారుతున్నదని నేను చూసింది ఆ తరువాత. ముందు ఊరి చెవులు, తరువాత బిడ్డ చెయ్యి. నేను క్రూరురాలిని కాను, వాడిని ప్రాణంగా పెంచుకున్నదాన్ని. అయినా ఆ వరుస అలాగే జరిగింది, ఎందుకంటే సిగ్గు మన ఒంట్లో అంత లోతున ఉంటుంది.

మర్నాడు పెద్దలు కూర్చుని కాణిపాకం తీసుకువెళ్ళి ప్రమాణం చేయిద్దామన్నారు. మన చిత్తూరు ప్రాంతంలో ఇది మామూలే, తాగుడు మానుతామని, తప్పు చేయలేదని వినాయకుడి ఎదుట ప్రమాణం చేయడం తరతరాలుగా ఉంది, ఆ భక్తి పట్ల నాకు గౌరవమే తప్ప మరొకటి లేదు. వాడు చేతికి కట్టుతోనే వచ్చాడు. కోనేట్లో స్నానం చేసి, కళ్ళు మూసుకుని, ఇంక కోపం తెచ్చుకోనని మనస్ఫూర్తిగా ప్రమాణం చేశాడు. పదకొండు రోజులు నిలబెట్టుకున్నాడు. పన్నెండో రోజు మళ్ళీ కంచం విసిరేశాడు. ఆ రాత్రి వాడు ఏడుస్తూ నాతో అన్న మాట ఇది: "దేవుడి ముందు చెప్పి కూడా ఆపుకోలేకపోయాను, నేను బతకడానికి పనికిరాను." జ్వరం రానివ్వనని బిడ్డ చేత మనం ఏ దేవుడి ముందూ ప్రమాణం చేయించం. తన అదుపులో లేని దానికి ప్రమాణం చేయించడం వల్ల ఒక జబ్బు మీద ఇంకొక పాపభారం చేరింది, ఆ భారం మోయించినవాళ్ళం మేము.

వైద్యుడి దగ్గరకు వెళ్ళడానికి అప్పటికీ మాకు మనసొప్పలేదు. పదో తరగతి అయ్యాక ఇంటర్మీడియెట్‌కు హాస్టలున్న కాలేజీలో వేశాం. క్రమశిక్షణ నేర్పుతారని నమ్మాం. తెల్లవారుజామున అయిదింటికి లేపి రాత్రి పదకొండు వరకు చదివించే చోట, నిద్ర తగ్గితేనే రెచ్చిపోయే జబ్బు ఉన్న పిల్లవాడిని తీసుకెళ్ళి పెట్టామని మాకు తెలియదు. మూడో నెలలో ఫోను వచ్చింది. నాలుగు రోజులుగా వాడు నిద్రపోలేదు, అలసటా లేదు, ఆగకుండా మాట్లాడుతున్నాడు, తన బట్టలు, చెప్పులు, ట్రంకు పెట్టె తోటి పిల్లలకు పంచేశాడు, తాను దేశానికి కొత్త చదువుల విధానం రాస్తున్నానని గోడల నిండా రాశాడు. మేము వెళ్ళేసరికి వాడి సామాను గేటు బయట ఉంది. ఆ కాలేజీ పేరు చెప్పను, ఇది జబ్బని వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. ఆ వారంలోనే ఒక మానసిక వైద్యుడు అంతకుముందరి దిగులును, కోపాన్ని, ఇప్పటి ఈ ఉధృతిని ఒకచోట చేర్చి చూసి బైపోలార్ అని పేరు చెప్పారు. పేరు విని మా వారు కుర్చీలో అలాగే ఉండిపోయారు. మా అబ్బాయి మాత్రం "అయితే ఇది జబ్బేనా?" అని అడిగాడు. వాడి గొంతులో ఊరట ఉంది.

ఆ రోజు నేను వైద్యుడిని అడిగిన ప్రశ్న మీరందరూ అడిగేదే: మా పెంపకంలో లోపమా? ఆయన చెప్పిన జవాబు చుట్టూనే నా ఈ ప్రసంగమంతా తిరుగుతుంది. జబ్బుకు కారణం మీరు కాదమ్మా, కానీ వైద్యంలో సగం మీ ఇంట్లోనే జరగాలి అన్నారాయన. ఈ రెండు మాటలను కలిపి పట్టుకోవడం చాలా కష్టం. మొదటిదాన్నే పట్టుకున్నవాళ్ళు మాత్ర వేసి మిగతాదంతా వైద్యుడికి వదిలేస్తారు. రెండోదాన్నే పట్టుకున్నవాళ్ళు తమను తాము నిందించుకుంటూ క్రుంగిపోతారు. నేను రెండు తప్పులూ చేశాను.

ఇంటి పాత్ర ఎంతటిదో ఒక ఉదాహరణ చెబుతాను. 1950ల చివర లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగించే స్కిజోఫ్రీనియా అనే జబ్బుకు చికిత్స పొంది ఆసుపత్రి నుంచి బయటికి వచ్చినవాళ్ళను వెంటాడి గమనించాడు. తల్లిదండ్రుల దగ్గరికో భార్య లేక భర్త దగ్గరికో వెళ్ళినవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం, అద్దె గదుల్లోనో తోబుట్టువుల దగ్గరో ఉన్నవాళ్ళలో కంటే ఎక్కువగా కనిపించింది. అయినవాళ్ళ దగ్గర ఉంటేనే మేలు జరుగుతుందని నమ్మే మనకు ఇది మింగుడు పడదు. తరువాతి సంవత్సరాల్లో ఇళ్ళలో జరిగే సంభాషణలను కొలిచి చూస్తే తెలిసింది ఏమిటంటే, అయినవాళ్ళు ఉండటంలో తప్పు లేదు, ఆ ఇంట్లో ఎడతెగని విమర్శ ఉన్నా, ద్వేషం ఉన్నా, లేక ఊపిరాడనివ్వనంత అతిజాగ్రత్త ఉన్నా జబ్బు తిరగబెడుతోంది. చివరిది విని నాకు గుండె ఝల్లుమంది. మా వారిది విమర్శ. నాది ఆ మూడోది. వాడు స్నానానికి వెళితే తలుపు బయట నిలబడేదాన్ని, అన్నం కలిపి నోట్లో పెట్టేదాన్ని, పదహారేళ్ళవాడికి.

కుటుంబాన్ని వైద్యంలోకి తీసుకోవడం మన దేశానికి బయటి నుంచి వచ్చిన ఆలోచన కాదని కూడా చెప్పాలి. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాలు వేయించి ఉంచుకున్నారు. మన పొరుగున వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వారు బాగాయంలోని మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివాళ్ళు కూడా ఉండి నేర్చుకునే పద్ధతిని మొదటి నుంచీ పాటించారు. చిత్తూరు నుంచి అది గంట ప్రయాణం.

ఇంట్లో మేము మార్చుకున్నవాటిలో మొదటిది గొంతు. అమెరికాలోని ఆరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త, మొండి పిల్లలున్న ఇళ్ళల్లో జరిగేదాన్ని నిమిషం నిమిషం రాయించి ఒక వలయాన్ని పట్టుకున్నాడు. అది మా ఇంట్లో ఫోను దగ్గర ఎలా ఉండేదో చెబుతాను. నేను ఫోను పెట్టెయ్యమంటాను, వాడు వినడు. మళ్ళీ అంటాను, వాడు విసుక్కుంటాడు. నేను గొంతు పెంచుతాను, వాడు అరుస్తాడు, వస్తువు విసురుతాడు. అప్పుడు నేను భయపడి 'సరే, నీ ఇష్టం' అని వెనక్కి తగ్గుతాను. ఆ రాత్రి ప్రశాంతంగా గడిచిపోయినట్టే ఉంటుంది, కానీ వస్తువు విసిరితే అమ్మ తగ్గుతుందని వాడు నేర్చుకున్నాడు, తగ్గితే గొడవ ఆగుతుందని నేను నేర్చుకున్నాను. మరొక రోజు మా వారు ఇంట్లో ఉంటారు, ఆయన తగ్గరు, అప్పుడు ఎవరు ఎక్కువ అరిస్తే వాళ్ళదే గెలుపని ఇద్దరూ నేర్చుకుంటారు. నాలుగు తగిలిస్తే దారికొస్తాడని చెప్పేవాళ్ళు ఈ వలయానికి ఇంకొక మెట్టు కలుపుతున్నారంతే.

దాన్ని తెంచడానికి మాకు కౌన్సెలింగ్‌లో చెప్పినది చాలా చిన్నది. ముందే, ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు, వాడితో కలిసి ఒక సమయం నిర్ణయించుకోవాలి. ఆ సమయానికి ఒక్కసారి, మామూలు గొంతుతో, దగ్గరికి వెళ్ళి చెప్పాలి, వంటింట్లోంచి కేకవేయకూడదు. వాడు విననప్పుడు వాదించకూడదు, మరునాటి ఫోను సమయం తగ్గుతుందని ముందు అనుకున్నదాన్ని అమలు చేయాలి. వాడు అరిస్తే మన గొంతు ఇంకా తగ్గాలి. మంచి చెడులు, చదువు, భవిష్యత్తు, కుటుంబ గౌరవం ఆ సమయంలో ఎత్తనే కూడదు, ఆవేశంలో ఉన్న మెదడు పాఠం వినదు. తల్లీ తండ్రీ ఒకే మాట మీద ఉండాలి. ఇవన్నీ చెప్పడానికి రెండు నిమిషాలు, అలవాటు కావడానికి మాకు ఏడాది పట్టింది. మొదటి రెండు మూడు వారాల్లో గొడవలు పెరిగాయి కూడా, అరుపు పని చేయకపోయేసరికి వాడు ఇంకా గట్టిగా అరిచి చూశాడు. అక్కడ ఓర్చుకోలేక వదిలేసే ఇళ్ళు చాలా ఉంటాయి.

మెచ్చుకోవడం మరీ కష్టమైంది. బిడ్డను ఎదుట పొగిడితే దిష్టి తగులుతుందని మా అత్తగారు నమ్మేవారు, మా వారిని ఆయన జీవితంలో ఎవరూ పొగడలేదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం, వాడు అడగకుండానే మోటారు వేసి ట్యాంకు నింపినందుకు, "నీళ్ళు పట్టావు, మంచి పని చేశావు నాయనా" అన్నారు. వాడు ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. మరునాడు కూడా ట్యాంకు నిండి ఉంది.

జబ్బు ఉందని హద్దులు ఎత్తేయడం కూడా బిడ్డకు మేలు చేయదు. కోపం రావడం వాడి అదుపులో లేకపోవచ్చు, చెల్లెలి మీద చెయ్యి ఎత్తడాన్ని మాత్రం ఏ జబ్బు పేరు మీదా మేము ఒప్పుకోలేదు. పగిలిన తలుపును వాడే తండ్రితో వెళ్ళి, వడ్రంగిని పిలుచుకొచ్చి, పక్కన కూర్చుని పలకలు అందించి బాగు చేయించాడు. అది శిక్షగా చెప్పలేదు, విరిచినదాన్ని సరిచేసే పని ఎవరిదో చెప్పాం. ఆ తలుపుకు లోపలి గడియ మాత్రం వైద్యుడి సలహా మీద తీసేయించాం. ఎందుకో వాడికి దాచకుండా చెప్పాం, తలుపు తట్టకుండా ఎవరూ లోపలికి రామని మాట ఇచ్చాం. ఆ మాట తప్పలేదు.

గడియ ఎందుకు తీయించామో మీకు కూడా దాచకుండా చెప్పాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని బిడ్డను అడగడానికి మనకు నోరు రాదు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయం. అలా జరగదని, అడగడం వల్ల బిడ్డకు మాట్లాడే దారి దొరుకుతుందని వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. నేను అడిగాను. అప్పటికి ఆరు నెలలుగా ఉందని చెప్పాడు. అలాంటి మాట విన్న రోజే ఇంట్లోని మాత్రలన్నీ, అవ్వ గుండె మాత్రలతో సహా, తాళంలోకి పోవాలి. మీలో మామిడి తోటలు, టమోటా, వేరుశనగ పండించే కుటుంబాలు చాలా ఉంటాయి. పురుగు మందులు ఇంట్లో గానీ పశువుల కొట్టంలో గానీ ఉండకూడదు, వీలైతే వేరొకరి దగ్గర, తాళంలో ఉండాలి. ఆ ఆలోచన చాలాసార్లు అలలా వచ్చి తగ్గిపోతుంది, అది ఎగిసిన ఆ కొద్దిసేపట్లో చేతికి ఏదీ అందకుండా ఉంటే చాలామంది బతుకుతారు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. మాకు ఆ రోజుల్లో ఇలాంటిది లేదు. ఇప్పుడే ఫోనులో రాసుకోండి, నేను ఆగుతాను.

మందుల గురించి భయాలు చాలా ఉంటాయి. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, పది రోజులకే 'ఏమీ తగ్గలేదు' అని మానేయకూడదు. పిల్లల్లో ఆ మొదటి వారాల్లోనే ఆందోళన, చనిపోవాలన్న ఆలోచన పెరిగే అవకాశం కొంత ఉందని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. అంటే మందు వద్దని అర్థం కాదు, ఆ వారాల్లో బిడ్డను దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలని, మార్పు కనిపిస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలని అర్థం. బాగైపోయాడని మనంతట మనమే ఆపేయడం ఇంకా పెద్ద ప్రమాదం.

మా అబ్బాయికి బైపోలార్‌ను అదుపులో ఉంచే లిథియం అనే మందు ఇచ్చారు. అది పనిచేసే మోతాదుకు, హాని చేసే మోతాదుకు మధ్య దూరం తక్కువ, అందుకే క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయిస్తారు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని పాళ్ళు పెరుగుతాయి. ఇది మన ఊళ్ళో ఉన్నవాళ్ళు మరీ తెలుసుకోవాలి. వాడు కోలుకుంటున్న ఏడాది మే నెలలో, మొక్కు తీర్చుకోవడానికి మా అత్తగారు వాడిని ఉపవాసంతో అలిపిరి నుంచి నడిపించి కొండకు తీసుకెళ్ళాలనుకున్నారు. మూడు వేల అయిదు వందలకు పైగా మెట్లు, ఆ ఎండ, ఆ చెమట, కడుపులో ఏమీ లేకపోవడం. పుణ్యానికి పోతే ఏమయ్యేదో. వైద్యుడిని అడిగితే, చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలని, ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొనే ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు తనను అడగకుండా వేయకూడదని చెప్పారు. మొక్కు చలికాలానికి వాయిదా వేశాం. డిసెంబరులో, తెల్లవారుజామున, ఇడ్లీ తిని, నీళ్ళ సీసాలు పట్టుకుని అందరం నడిచాం. స్వామి ఏమీ అనుకోలేదని మా అత్తగారే అన్నారు.

ఎక్కడికి వెళ్ళాలని అడుగుతారు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మొదట అక్కడికే వెళ్ళవచ్చు. ఇంకా లోతైన పరీక్ష కావాలంటే వేలూరు ఉంది, బెంగళూరు నిమ్హాన్స్ ఉంది. చట్టం గురించి నాలుగు మాటలే చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలను పెద్దల వార్డులో కలిపి ఉంచకూడదు, వెంట మనవాళ్ళు ఒకరు అక్కడే ఉండాలి. గొలుసులతో కట్టేయడం ఏ రూపంలోనూ చెల్లదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో కదలలేక కాలిపోయారు. నయమవుతుందని నమ్మి తెచ్చి వదిలినవాళ్ళు వాళ్ళ ఇంటివాళ్ళే. ఆత్మహత్యకు యత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని కూడా ఆ చట్టమే చెబుతోంది. కాబట్టి పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేయకండి. ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు, శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని ఈ చట్టంలో ఉన్న సంగతి గుర్తుంచుకుని అడగండి.

చుట్టాలకు ఏం చెప్పాలనేది మీ ఇష్టం. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయన్న భయం ఉట్టిది అని నేను అనను, అది ఉంది. మేము ముగ్గురికి చెప్పాం: మా తమ్ముడికి, వాడి క్లాసు టీచరుకు, ఎదురింటి అక్కకు. రాత్రి ఒంటి గంటకు పిలిస్తే వచ్చేవాళ్ళకు. మిగతావాళ్ళకు 'ఒంట్లో బాగాలేదు, వైద్యం జరుగుతోంది' అన్నాం, అది నిజమే కదా.

ఇంకొకరి గురించి చెప్పి ముగిస్తాను. ఇంతసేపూ ఒక్క మాటలో తప్ప నేను ఆమె ప్రస్తావన ఎత్తలేదని మీరు గమనించి ఉండకపోవచ్చు, మేమూ అలాగే గమనించలేదు. మాకు ఒక అమ్మాయి ఉంది, వాడికంటే నాలుగేళ్ళు చిన్నది. ఇల్లంతా వాడి చుట్టూ తిరుగుతున్న ఆ రోజుల్లో ఆ పిల్ల తన జడ తనే వేసుకుంది, తన క్యారియరు తనే కట్టుకుంది, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి తప్ప మమ్మల్ని దేనికీ పిలవలేదు. బుద్ధిమంతురాలని చుట్టాలు మెచ్చుకుంటుంటే మేము పొంగిపోయాం. ఒక రోజు అన్నం తింటూ, తలెత్తకుండా, "అమ్మా, నాకు కూడా జబ్బు చేస్తే మీరు నాతో మాట్లాడతారా?" అని అడిగింది.

కౌన్సెలరుకు చెప్తే, వారానికి ఒక గంట ఆ పిల్లకు మాత్రమే ఇవ్వమన్నారు, అన్న ప్రస్తావన మనం తేకూడదన్నారు. ప్రతి ఆదివారం సాయంత్రం ఇద్దరం కపిలతీర్థం దాకా నడిచేవాళ్ళం. మొదటి మూడు ఆదివారాలు బొరుగులు తినడం, చేపలను చూడటం తప్ప ఏమీ మాట్లాడలేదు. నాలుగో ఆదివారం కోనేటి మెట్ల మీద కూర్చుని, అన్న తలుపు పగలగొట్టిన రాత్రి తను మంచం కింద ఉన్నానని, తెల్లవారే దాకా అక్కడే ఉన్నానని చెప్పింది. ఆ రాత్రి ఆ పిల్ల ఎక్కడుందో అప్పటివరకు నేను అడగలేదు.